నీ మాటల్లో అప్పజెప్పు

అమెరికా నుంచి మొదటిసారి ఫోన్ వచ్చినప్పుడు భార్గవి గారు నాలుగు నిమిషాలు ఆగకుండా మాట్లాడారు. కౌంటర్ ఎదుట గోడకున్న గడియారం చూస్తూ కూర్చున్నాను కాబట్టి నాకు తెలుసు. బూత్ అద్దం తలుపు మూసే ఉన్నా ఆవిడ గొంతు బయటికి వినిపిస్తూనే ఉంది. మూడుసార్లు అవతలివాళ్ళు ఆపితే మాత్రం "యెస్ సర్" అని, మళ్ళీ మొదటి నుంచి అందుకున్నారు. ప్రతిసారీ ముందుకన్నా వేగంగా.

అది 2002 ఏప్రిల్. బందరు కోనేరు సెంటర్లో కనకరత్నం గారి ఎస్‌టీడీ బూత్‌లో నేను పని చేసేదాన్ని. మా ఊరు దివిసీమలో పాలకాయతిప్ప దగ్గర. ఊరి బళ్ళో పది, అవనిగడ్డలో ఇంటర్, అంతా తెలుగు మీడియమే. నా పని మీటరు చూసి చీటీ చింపడం, ఇంట్లో ఫోన్ లేనివాళ్ళు పి.పి. అని ఇచ్చుకున్న మా నెంబరుకి ఫోన్ వస్తే వాళ్ళని పిలవడం. నాకు ఎక్కువ మాట్లాడే అలవాటు లేదు. ఆ పనికి అదే సుఖం.

భార్గవి గారు బూత్ మీది గదిలో అద్దెకుండేవారు. సొంతూరు గుడివాడ పక్కన. ఇక్కడ ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవారు. అమెరికాలో ఒక యూనివర్సిటీ ఆవిడకి పీహెచ్‌డీ సీటు ఇచ్చింది. కానీ అక్కడ చదువుకునేవాళ్ళు మొదటి సంవత్సరం పిల్లలకి ల్యాబ్‌లో పాఠం కూడా చెప్పాలట. ఆ పని దొరికితేనే ఫీజులుండవు, ఖర్చులు వెళ్తాయి. దొరకకపోతే సీటు ఉన్నా లేనట్టే. ఆ పని ఇవ్వవచ్చో లేదో వాళ్ళు ఫోన్లో మాట్లాడించి చూస్తారు. మీదింట్లో ఫోన్ లేదు కనుక మా బూత్ నెంబరే పి.పి. అని రాసి పంపారు.

ఆవిడ తలుపు తీసుకుని బయటికి వచ్చారు. చీర భుజం దగ్గర చెమటకి తడిసిపోయింది.

"ఏమ్మా భార్గవీ, బిల్లు వాళ్ళది కదా, నీకెందుకంత తొందర?" అన్నారు కనకరత్నం గారు పేపరు మడుస్తూ.

ఆవిడ నవ్వలేదు. "నా ఇంగ్లీషులో తప్పుల్లేవట. కానీ పిల్లలు నా వెంట రాలేరట. ఇరవై రెండో తారీఖు ఇదే టైముకి మళ్ళీ చేస్తారట. అదే ఆఖరుసారి" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "నా వెంట రాలేకపోవడం అంటే ఏంటి దుర్గా? ఎక్కడా తడబడలేదు కదా నేను?" అని అడిగారు.

నిజమే, తడబడలేదు. గుడివాడలో సోమేశ్వరరావు మాస్టారని ఒకాయన ఇంగ్లీషు మాట్లాడటం నేర్పుతారు. ప్రతి ఆదివారం పొద్దున్నే పాసింజరు బండిలో వెళ్ళి నేర్చుకుని వచ్చేవారు భార్గవి గారు. మాస్టారి చేతిలో పరుగుపందాల గడియారం ఉంటుందట. ఎవరు ఎక్కడా ఆగకుండా ఎక్కువసేపు మాట్లాడితే వాళ్ళు ఫస్టు. ఆగితే రానట్టే. ఆరు నెలలుగా ఆ క్లాసులో ఫస్టు భార్గవి గారే. మా ఇంటర్ కాలేజీలో కూడా అంతే. ఇంగ్లీషులో గడగడా మాట్లాడినవాణ్ణి చూసి నోరు తెరుచుకుని ఉండేవాళ్ళం. వాడేం చెప్పాడని ఎవరూ అడిగేవాళ్ళు కాదు.

మర్నాటి నుంచి మధ్యాహ్నం పూట బూత్ ఖాళీగా ఉన్నప్పుడు ఆవిడ కిందికి వచ్చి, నన్ను స్టూల్ మీద కూర్చోబెట్టి పాఠం చెప్పడం మొదలుపెట్టారు. టైట్రేషన్ అనే ప్రయోగం. నేను ఇంటర్లో ఆర్ట్స్ గ్రూపు. టైట్రేషన్ అనే మాట వినడం అదే మొదలు.

"నువ్వు మొదటి సంవత్సరం స్టూడెంట్‌వి. అర్థం కాకపోతే చెయ్యెత్తు" అని చెప్పి, ఇంగ్లీషులో మొదలుపెట్టారు. నేను చెయ్యెత్తలేదు. రెండో రోజూ ఎత్తలేదు. మూడో రోజు పాఠం అయ్యాక, "అర్థమైందా?" అన్నారు.

"అయిందండీ" అని తలూపాను.

"ఏం అర్థమైంది, చెప్పు?"

నేను గడియారం వంక చూశాను.

"దుర్గా! ఒక్క ముక్కయినా అర్థమైందా?"

"లేదండీ."

"మరి మూడు రోజుల నుంచీ తలెందుకు ఊపుతున్నావ్?"

"మా బళ్ళో అందరం ఊపేవాళ్ళమండీ. మేం ఊపితే మాస్టారు సంతోషంగా వెళ్ళిపోయేవారు."

ఆవిడ కుర్చీలో కూలబడ్డారు. "మా కాలేజీలో పిల్లలూ ఊపుతారు" అన్నారు. "అరవై మందీ ఊపుతారు. అక్కడ ఫోన్లో మాత్రం ఊపేవాళ్ళెవరూ లేరు."

అప్పుడు నాకు మా నాన్న గుర్తొచ్చాడు. మామూలుగా అయితే గుర్తొచ్చినా నోరు మెదపను. ఆవేళ ఎందుకో చెప్పాను.

"మా నాన్న అర్థమైందా అని ఎవర్నీ అడగడండీ" అన్నాను.

మా నాన్న పేరు యలమంద. వేటకి వెళ్తాడు. తుఫాను కబురు వచ్చినప్పుడు మాత్రం పంచాయతీ మైకు సైకిలుకి కట్టుకుని ఊరంతా చాటింపు వేసేది ఆయనే. డెబ్భై ఏడు ఉప్పెనకి నేను పుట్టలేదు. అప్పుడూ రేడియోలో చెప్పారట, వాయుగుండమని, తీవ్ర రూపమని, తీరం దాటుతుందని. అందరూ విన్నారు, ఊ కొట్టారు, పడుకున్నారు. నాన్న దాని గురించి అంతకుమించి చెప్పడు. ఆ తర్వాత చాటింపు పని తనే అడిగి తీసుకున్నాడు. వీధి మొదట్లో నిలబడి నాలుగంటే నాలుగు మాటలు చెప్తాడు. వీధి చివరికొచ్చి ఆగి, ఎవరో ఒకరి వైపు వేలు చూపిస్తాడు. "నువ్వు అప్పజెప్పు. నా మాటలు కాదు, నీ మాటల్లో" అంటాడు. వాళ్ళు సరిగ్గా చెప్పేదాకా సైకిలు పక్క వీధికి కదలదు. వానలో నిలబడైనా సరే. అందుకు తిట్టేవాళ్ళు కూడా ఉన్నారు.

నేను ఒకేసారి అంతసేపు మాట్లాడటం కనకరత్నం గారు కూడా చూడలేదు. పేపరు దించి నా వైపే చూస్తున్నారు. భార్గవి గారు లేచి నిలబడ్డారు.

"ఆదివారం మీ ఊరు వెళ్దాం."

"గుడివాడ క్లాసో?"

"గుడివాడ ఆరు నెలలుగా వెళ్తూనే ఉన్నాగా!"

*

బందరులో పొద్దున ఆరింటికి బస్సెక్కాం. మోపిదేవిలో గుడికి వచ్చినవాళ్ళు దిగాక కూర్చోవడానికి సీట్లు దొరికాయి. అవనిగడ్డలో బస్సు మారి, కోడూరు దాటాక ఉప్పుగాలి తగిలింది. దారంతా ఆవిడ కిటికీ వైపు తిరిగి పెదాలు కదుపుతూనే ఉన్నారు. పక్క సీటు ముసలాయన, "మంత్రం చదువుతుందా అమ్మాయి?" అని నన్ను అడిగాడు. ఇంగ్లీషు అని చెప్పాను. ఇంకొంచెం అవతలికి జరిగి కూర్చున్నాడు.

ఇంటికి చేరాక నాన్న సంగతంతా విన్నాడు. మంచినీళ్ళ చెంబు ఆవిడ చేతికిచ్చి, "పాఠం ఫోన్లో చెప్పాలన్నమాట. వాళ్ళకి నీ మొహం కనపడదు, నీకు వాళ్ళ మొహం కనపడదు. అంతేగా?" అన్నాడు.

"అంతే బాబాయ్ గారూ."

"మైకూ అంతేనమ్మా. అయితే ఎదురుగా కూర్చుని చెప్పొద్దు. దడికి ఇవతల కూర్చో. అవతల పెద్దింట్లమ్మని కూర్చోబెడతా."

పెద్దింట్లమ్మ మా పెదనాన్న గారి అత్తగారు. డెబ్భై ఏళ్ళు దాటాయి. ఒక చెవి కొంచెం మందం. మా వీధిలో నాన్న వేలు ఎప్పుడూ ఆవిడ వైపే తిరుగుతుంది. తాటాకు దడికి అవతల ఎండబెట్టిన నెత్తళ్ళ చేపలు ఏరుతూ కూర్చుంది. పక్కన ఇంకో నలుగురు ఆడవాళ్ళు చేరారు. నేను మధ్యలో, రెండు వైపులా కనిపించేలా నిలబడ్డాను.

ముందు తెలుగులో చెప్పమన్నాడు నాన్న. "తెలుగయితే చిటికెలో చెప్తా" అని భార్గవి గారు చీర సర్దుకుని మొదలుపెట్టారు. బ్యూరెట్ అన్నారు, ఆమ్లమన్నారు, క్షారమన్నారు, సూచిక అన్నారు, ఎండ్ పాయింట్ అన్నారు. ఊపిరి తీసుకోకుండా ముగించేశారు.

 దడి అవతల నుంచి పెద్దింట్లమ్మ గొంతు వినిపించింది.

"రేడియో సరిగ్గా పలకట్లా. ఎవరన్నా ఆ ముల్లు కాస్త తిప్పండే!"

ఆడవాళ్ళు ఘొల్లున నవ్వారు. నాన్న మీసం వెనక నవ్వు దాచుకుంటూ, "అమ్మా, తెలుగులో కూడా నువ్వింతేనా!" అన్నాడు.

భార్గవి గారి మొహం ఎర్రబడింది. ఏడుస్తారేమో అనుకున్నాను. కానీ ఆవిడ కళ్ళు మెరిశాయి. "అయితే నా ఇంగ్లీషుకి ఏమీ కాలేదు దుర్గా!" అని అరిచారు. "నాకసలు చెప్పడమే రాదు! ఆరు నెలలు వేరే జబ్బుకి మందు తిన్నాను!" ఆ మాట అంటూ ఆవిడే గట్టిగా నవ్వడం మొదలుపెట్టారు. నవ్వాగేసరికి చెంగు బొడ్లో దోపారు.

"మళ్ళీ చెప్తాను. బాబాయ్ గారూ, ఎలా చెప్పమంటారు?"

"ఏం చెయ్యబోతున్నారో ముందు ఒక్క ముక్క చెప్పు. తర్వాత ఒక పని చెప్పి ఆగు. వాళ్ళు చేశామనేదాకా నువ్వు ఊపిరి పీల్చుకో. ఆగితే సిగ్గని అనుకోబాక. నువ్వు ఆగినప్పుడే వాళ్ళకి ఎక్కేది."

"ఎవరి చేత చెప్పించాలి?"

"ఎవరికి అర్థం కాదని నీకు భయమో, వాళ్ళ చేత. తెలివిగలాడి చేత చెప్పించుకుంటే నీకు సంబరమే గానీ పని జరగదు."

"వినపడతంది యలమందా!" అంది పెద్దింట్లమ్మ అవతల నుంచి. మందం చెవి కొన్ని మాటలకి మందం కాదు.

ఈసారి భార్గవి గారు బ్యూరెట్ మాట ఎత్తలేదు. "మామ్మగారూ, పసుపులో సున్నం కలిపితే ఏమవుతుంది?" అని అడిగారు.

"ఎర్రగా అవుద్ది. దిష్టినీళ్ళు. ఆ మాత్రం తెలీదా నీకు, చదూకున్నావు!"

"ఆ రంగుతోనే మనం ఇవాళ ఒకటి కనుక్కుంటాం. గిన్నెలో నిమ్మరసంలో పులుపు ఎంత ఉందో. మీ దగ్గర నిమ్మకాయ ఉందా?"

అప్పటికప్పుడు నిమ్మకాయ వచ్చింది. పసుపు వచ్చింది. ఒక గ్లాసులో సున్నపు తేట, ఒక చెంచా వచ్చాయి. భార్గవి గారికి అవేవీ కనిపించవు. ఒక పని చెప్పి ఆగుతున్నారు. అవతల నుంచి "ఊఁ, అయింది" అని వినిపిస్తోంది. మళ్ళీ ఒక పని.  నాకూ అర్థమవుతోంది! సున్నపు తేట పడ్డ కొద్దీ పులుపు చచ్చిపోతుంది. పులుపంతా చచ్చాక పడ్డ చుక్కే రంగు మారుస్తుంది. ఎన్ని చెంచాల తేట పడిందో చూస్తే ఎంత పులుపుందో తెలుస్తుంది. ఇదా టైట్రేషనంటే!

"ఇప్పుడు మీరు ఏం చెయ్యబోతున్నారో మీ మాటల్లో చెప్పండి మామ్మగారూ."

"ఏముంది! పసుపేసిన నిమ్మకాయ నీళ్ళలో సున్నపు తేట చుక్కచుక్కా పోస్తా. ఎర్రగా నెత్తురులా అయ్యేదాకా పోస్తా."

"కాదు, కాదు!" భార్గవి గారు లేచి నిలబడ్డారు. "ఎర్రగా అయ్యేదాకా కాదు! రంగు కాస్త మారి, కలిపినా పోకుండా నిలబడిందనుకోండి, ఆ చుక్క దగ్గరే ఆపెయ్యాలి. అసలు కిటుకంతా అదే!"

ఆలస్యమైపోయింది. పెద్దింట్లమ్మ గ్లాసు మొత్తం వంపేసింది. గిన్నెలో దిష్టినీళ్ళు తయారయ్యాయి.

"మరి ఆ ముక్క ముందే చెప్పొద్దంటే! పొయ్యడం చెప్పావ్. ఆపడం చెప్పలా."

భార్గవి గారు దడి ఆకుల సందులోంచి ఆ గిన్నె వైపు చూశారు. తర్వాత బ్యాగులోంచి పెన్ను తీసి అరచేతి మీద ఏదో రాసుకున్నారు. నేను తొంగి చూశాను. 'ఆపడం ముందే చెప్పు' అని ఉంది.

మూడోసారి గిన్నెలో నీళ్ళు లేత నారింజ రంగులోకి మారి నిలబడ్డాయి. పెద్దింట్లమ్మ చెంచా గాల్లో ఆపేసి, "ఆగా! ఆగా నేను!" అని కేకేసింది. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. వలలు బాగుచేసుకుంటున్న మగాళ్ళు కూడా ఏంటేంటంటూ వచ్చారు.

ఇక ఇంగ్లీషు. ఈసారి దడి అవతల నేను. అదే పాఠం, అదే నెమ్మది, చిన్న చిన్న మాటలు. ఒక వాక్యం చెప్పి ఆగుతున్నారు. ఆ ఆగినంతసేపట్లో నేను ఆ వాక్యాన్ని పట్టుకుంటున్నాను. ఒక్క మాట కూడా జారిపోలేదు. టెన్త్‌లో చదివిన మాటలే అన్నీ. అవి ఇంతకాలం నాలోనే ఉన్నాయని నాకు తెలియనే తెలియదు.

"టెల్ మీ బ్యాక్, దుర్గా. ఇన్ యువర్ ఓన్ వర్డ్స్."

నోరు తెరిచాను. మాటలు గొంతు దాకా వచ్చి నిలబడ్డాయి. దడికి ఇవతలా అవతలా అందరూ చూస్తున్నారు.

"తెలుగులో చెప్పనా అండీ?" అన్నాను.

"సరే, ఇవాళ్టికి తెలుగులోనే చెప్పు."

చెప్పాను. ఒక్క తప్పూ లేదు. అయినా తిరుగు ప్రయాణంలో బస్సులో ఇద్దరం కిటికీలోంచి చూస్తూ పెదాలు కదిపాం.

*

ఇరవై రెండు సోమవారం. సాయంత్రం ఆరున్నరకే కనకరత్నం గారు షట్టరు సగం దించేశారు. ఫోన్ కోసం వచ్చినవాళ్ళకి, "ఏడున్నర దాకా లైను అమెరికా వాళ్ళది. పక్క సెంటర్‌కి వెళ్ళండి బాబూ" అని చెప్పి పంపేస్తున్నారు. ఆరూ నలభైకి కరెంటు పోయింది. కొవ్వొత్తి వెలిగించి మీటరు మీద పెట్టాను. కనకరత్నం గారు నిన్నటి పేపరుతో భార్గవి గారికి విసురుతూ నిలబడ్డారు.

"నువ్వు కౌంటర్ ఫోన్లో విను దుర్గా. మాట్లాడే వైపు చెయ్యి అడ్డం పెట్టుకో. నేను మళ్ళీ పరిగెత్తుతున్నాననిపిస్తే అద్దం మీద కొట్టు" అన్నారు ఆవిడ.

సరిగ్గా ఏడింటికి ఫోన్ మోగింది. ఆవిడ బూత్‌లోకి వెళ్ళి రిసీవరు ఎత్తారు.

అవతల ఇద్దరున్నారు. ఒక మగ గొంతు, ఒక ఆడ గొంతు. లైనులో గాలి వీస్తున్నట్టు చప్పుడు. కుశలాలయ్యాక ఆయన అన్నారు. "నేను మొదటి వారం స్టూడెంటుని అనుకోండి, గాఢమైన ఆసిడ్‌లో నీళ్ళు కలిపి పల్చన చెయ్యాలి, ఎలాగో చెప్పండి" అని.

 ఇది టైట్రేషన్ కాదు. ఇది మేం సాధన చెయ్యలేదు. అద్దంలోంచి చూశాను. ఆవిడ కళ్ళు మూసుకుని, తెరిచి, అరచేతిలోకి చూసుకున్నారు. రోజూ పెన్నుతో మళ్ళీ మళ్ళీ దిద్దుతున్న ఆ అక్షరాలు ఇంకా ఉన్నాయి.

"ముందు ఏం చెయ్యకూడదో చెప్తాను" అన్నారు ఇంగ్లీషులో. "ఆసిడ్‌లో ఎప్పుడూ నీళ్ళు పొయ్యకూడదు."

ఆగారు. ఒకటి, రెండు, మూడు. లైనులో గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. కనకరత్నం గారు పేపరుతో విసురుకోవడం ఆపి, "కట్టయిందా?" అని నన్ను సైగతో అడిగారు. కాలేదని తల అడ్డంగా ఊపాను.

"ఎందుకంటే అది ఒక్కసారిగా మరిగి మీ మొహం మీద చిందుతుంది." మళ్ళీ ఆగారు. "అందుకని ముందు నీళ్ళు తీసుకోండి. అందులో ఆసిడ్ కొంచెం కొంచెంగా పొయ్యండి." ఇంకోసారి ఆగారు. "ఇప్పుడు మీరు ఏం చెయ్యబోతున్నారో మీ మాటల్లో చెప్పండి."

అవతల ఆయన చిన్నగా నవ్వారు. పరీక్ష పెట్టేవాణ్ణి తిరిగి పరీక్షిస్తారనుకోలేదేమో. తర్వాత, నిజం పిల్లాడిలాగే నసుగుతూ, "ముందు ఆసిడ్ తీసుకుంటాను, తర్వాత..." అన్నారు.

"స్టాప్!"

ఆ కేక బూత్ అద్దం దాటి రోడ్డు మీదికి వినిపించింది. మా నాన్న వానలో సైకిలు స్టాండు వేసి అరిచే అరుపులాగే ఉంది. కొవ్వొత్తి వెలుగులో ఆవిడే ఒక్కక్షణం భయపడిపోయారు. కానీ వదల్లేదు. "చేతిలో ఆసిడ్ కింద పెట్టండి. ముందు ఏది తీసుకోవాలి?"

"నీళ్ళు" అన్నారు ఆయన వెంటనే.

ఆ తర్వాత పదిహేను నిమిషాలు ఎలా గడిచాయో నాకు తెలియదు. ఒక్కసారి కూడా అద్దం మీద కొట్టే పని పడలేదు. వాళ్ళు ప్రశ్నలడిగారు, ఆవిడ చెప్పారు, తిరిగి చెప్పించారు. మధ్యలో ఆడ గొంతు కూడా నవ్వింది. చివర్లో ఆ అమెరికా ఆవిడే, రెండు వారాల్లో ఇది ఎక్కడ నేర్చుకున్నారని అడిగారు.

"మా సముద్రం ఒడ్డున తుఫాను కబుర్లు చాటేవారు ఒకాయన ఉన్నారు. ఆయన దగ్గర" అన్నారు భార్గవి గారు.

అవతల ఏదో మాట్లాడుకున్నారు. తర్వాత ఆయన మూడు నాలుగు వాక్యాలు చెప్పారు. లైను కట్టయింది.

నేను రిసీవరు పెట్టేసి నిలబడ్డాను. భార్గవి గారు తలుపు తోసుకుని వచ్చారు. 

"విన్నావా దుర్గా? నేను విన్నది నిజమేనా? ఆఖర్న ఆయన ఏమన్నారు?"

నేను తలూపాను.

"తలూపొద్దు!" అని నా రెండు భుజాలూ పట్టుకున్నారు. "అప్పజెప్పు. ఆయన మాటలు కాదు, నీ మాటల్లో. ఇంగ్లీషులో చెప్పు, అప్పుడే నమ్ముతాను."

షట్టరు కింది నుంచి బస్సు హారన్లు వినిపిస్తున్నాయి. కనకరత్నం గారి చేతిలో పేపరు గాల్లోనే ఆగిపోయింది. గొంతు దాకా వచ్చిన మాటలు మళ్ళీ అక్కడే నిలబడ్డాయి. ఈసారి నేను ఒక్క వాక్యం చెప్పి ఆగవచ్చు కదా అనిపించింది.

"దే లైక్ యువర్ టీచింగ్" అన్నాను.

ఆగాను. ఊపిరి పీల్చుకున్నాను. ఎవరూ నవ్వలేదు.

"లెటర్ ఈజ్ కమింగ్. యూ ఆర్ గోయింగ్ ఇన్ ఆగస్ట్."

భార్గవి గారు ఒక్క కేక పెట్టి నన్ను వాటేసుకున్నారు. కొవ్వొత్తి ఆరిపోయింది. చీకట్లో ఇద్దరం ఎగురుతుంటే కౌంటర్ మీది చీటీల పుస్తకం కింద పడింది.

"అమ్మాయ్, దుర్గా" అన్నారు కనకరత్నం గారు చీకట్లోంచి. "ఆ మధ్య ముక్క నాకు అర్థం కాలేదు. తలూపమంటే ఊపుతాగానీ, ఇంకోసారి చెప్పకూడదూ?"

నేను మళ్ళీ చెప్పాను. ఈసారి ఇంకొంచెం గట్టిగా, ఇంకొంచెం నెమ్మదిగా.